వంశం బ్రిటన్‌ది, కట్నం అమెరికాది: అమెరికా టీవీలో పీరియడ్ డ్రామాలు ఎందుకు నిలిచాయి

క్లుప్తంగా: బ్రిటన్‌లో తీసిన పాతకాలపు కథల సీరియల్స్‌ను అమెరికా ప్రేక్షకులు 1969 నుంచీ చూస్తూనే ఉన్నారు. ఆ యాస, ఆ కోటలు, ఆ గౌన్లు అందరికీ కనిపించే ఆకర్షణలే. కానీ యాభై ఏళ్లు దాటిన అలవాటు వాటితోనే నిలబడదు. దాని వెనక డబ్బు ఏర్పాటు ఒకటి ఉంది: కథలు, నటులు, బంగళాలు బ్రిటన్ దగ్గర ఉంటే, పెట్టుబడి, పెద్ద మార్కెట్ అమెరికా దగ్గర ఉన్నాయి. ఇంకో కారణం, సొంత దేశం విషయంలో నోరు విప్పడానికి మొహమాటపడే వర్గభేదాన్ని అమెరికన్లు ఈ సీరియల్స్‌లో నిశ్చింతగా చూడగలరు. 2025 నుంచి ఇబ్బందుల్లో పడింది ఆ సీరియల్స్‌ను ఇంటింటికీ చేర్చే ఏర్పాటు. ఆకర్షణ మాత్రం తగ్గలేదు.

ఇస్త్రీ చేసిన పేపర్

'డౌన్‌టన్ యాబీ' మొదటి ఎపిసోడ్‌లో ఒక చిన్న పని చూపిస్తారు. 1912 ఏప్రిల్, పొద్దున్నే. పెద్ద బంగళా కింది అంతస్తులో నౌకరు అప్పుడే వచ్చిన పేపర్‌ను బల్ల మీద పరిచి ఇస్త్రీ చేస్తుంటాడు. సిరా ఆరిపోతే దొరగారి వేళ్లకు నలుపు అంటదు. ఆ పేపర్‌లోనే టైటానిక్ మునిగిన వార్త ఉంటుంది. ఓడలో ఆ బంగళా వారసుడు ఉన్నాడు. వార్త ముందు తెలిసేది నౌకర్లకు, దెబ్బ తగిలేది పైఅంతస్తుకు.

బ్రిటిష్ పీరియడ్ డ్రామా ఎలా పనిచేస్తుందో ఈ కొద్ది నిమిషాల్లోనే అర్థమవుతుంది. ముందు, ఈ కాలంలో ఎవరూ చేయని ఒక పనిని దగ్గరగా చూపిస్తుంది. ఆ పని ఎవరు ఎవరి కోసం చేస్తున్నారో చెప్పి ఇంట్లో ఎవరి మెట్టు ఏదో తేల్చేస్తుంది. ఆ తర్వాత చరిత్రలో అందరికీ తెలిసిన ఒక ఘటనను తలుపు తట్టి లోపలికి పిలుస్తుంది. బ్రిటన్ చరిత్ర చదవని ప్రేక్షకుడికి కూడా ఎక్కడా అడ్డు తగలదు. టైటానిక్ తెలియని అమెరికన్ ఉండడు కదా.

ఈ సీరియల్ బ్రిటన్‌లో 2010 సెప్టెంబరులో ఐటీవీలో మొదలైంది, అమెరికాలో 2011 జనవరి 9న పీబీఎస్‌లో. 2014 జనవరిలో నాలుగో సీజన్ తొలి ఎపిసోడ్‌ను అమెరికాలో కోటి మందికి పైగా చూశారు. 2016 మార్చిలో చివరి ఎపిసోడ్‌కు 96 లక్షల మంది. ప్రకటనలు లేకుండా, దాతల విరాళాలతో నడిచే ఒక పబ్లిక్ టీవీ వ్యవస్థకు ఇవి మామూలు అంకెలు కావు. పీబీఎస్ చరిత్రలో ఇంతగా ఆడిన డ్రామా ఇంకొకటి లేదు.

ఆ విజయాన్ని చూసి చాలామంది ఇదేదో కొత్త మోజు అనుకున్నారు. నిజానికి అప్పటికే ఆ అలవాటుకు నలభై ఏళ్లు నిండాయి.

బీడులో దొరికిన ఇరవై ఆరు వారాలు

1960ల అమెరికా టీవీ అంటే మూడే నెట్‌వర్క్‌లు: సీబీఎస్, ఎన్‌బీసీ, ఏబీసీ. మూడూ ప్రకటనల మీదే నడిచేవి. ఎక్కువమంది ఎక్కువసేపు చూసేదే మంచి కార్యక్రమం అన్న లెక్క. 1961లో ప్రసారాల నియంత్రణ సంస్థ అధిపతి న్యూటన్ మినో టీవీ యజమానుల సమావేశంలోనే నిలబడి, మీ టీవీ ఒక విశాలమైన బీడు భూమి అన్నాడు. ఆ మాట దేశమంతా పాకింది. ఆరేళ్ల తర్వాత, 1967లో, ప్రభుత్వ సాయంతో నడిచే పబ్లిక్ టీవీకి చట్టం వచ్చింది. దాని నుంచే 1970 నాటికి పీబీఎస్ ప్రసారాలు మొదలయ్యాయి.

వ్యవస్థ అయితే ఏర్పడింది కానీ, అందులో చూపించడానికి సరుకు లేదు. సొంతంగా డ్రామా తీయాలంటే డబ్బు కావాలి, అది కొత్త పబ్లిక్ టీవీ దగ్గర లేదు. సరిగ్గా అదే సమయానికి బ్రిటన్‌లో 'ది ఫోర్‌సైట్ సాగా' సిద్ధంగా ఉంది. జాన్ గాల్స్‌వర్దీ నవలల ఆధారంగా బీబీసీ 1967లో తీసిన 26 ఎపిసోడ్ల నలుపు-తెలుపు సీరియల్ అది. ఒక సంపన్న కుటుంబం, ఆస్తి, పెళ్లి, పగ. ఆదివారం రాత్రి అది వచ్చే వేళకు బ్రిటన్‌లో కొన్ని చర్చిలు సాయంత్రం ప్రార్థన సమయాన్నే మార్చుకున్నాయి. సోవియట్ యూనియన్ కూడా దాన్ని కొనుక్కుంది. 1969లో అమెరికా పబ్లిక్ స్టేషన్లలో అది ఆడినప్పుడు వారం వారం ఎదురుచూసే ప్రేక్షకులు తయారయ్యారు.

కొత్తగా తీయడానికయ్యే ఖర్చుతో పోలిస్తే తయారైన బ్రిటిష్ సీరియల్‌ను కొనడం ఎంతో చవక. భాష ఒకటే కాబట్టి డబ్బింగ్ అక్కర్లేదు. బీబీసీకి లైసెన్సు ఫీజు రూపంలో ప్రజల నుంచి డబ్బు వస్తుంది కాబట్టి సీరియల్ ఖర్చు సొంత దేశంలోనే చాలావరకు గిట్టుబాటు అయ్యేది. అమెరికా నుంచి వచ్చేది అదనం. అమ్మేవాడికి లాభం, కొనేవాడికి పొదుపు. బేరం కుదిరింది.

కుర్చీలో సూత్రధారుడు

బోస్టన్‌లోని పబ్లిక్ స్టేషన్ డబ్ల్యూజీబీహెచ్ ఈ బేరాన్ని ఒక శాశ్వత కార్యక్రమంగా మార్చింది. 1971 జనవరి 10న 'మాస్టర్‌పీస్ థియేటర్' మొదలైంది. స్పాన్సర్ మొబిల్ ఆయిల్ కంపెనీ. మొదటి సీరియల్ 'ది ఫస్ట్ చర్చిల్స్', అంటే బ్లెనిమ్ ప్యాలెస్ కట్టించుకున్న మొదటి డ్యూక్ ఆఫ్ మార్ల్‌బరో కథ. ఈ వంశం ప్రస్తావన మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోవాలి.

ప్రతి ఎపిసోడ్‌కు ముందు ఒక పెద్దమనిషి తోలు కుర్చీలో కూర్చుని కథా నేపథ్యం చెప్పేవాడు. ఆయన అలిస్టర్ కుక్. ఇంగ్లండ్‌లో పుట్టి 1941లో అమెరికా పౌరుడైన జర్నలిస్టు. 1992 వరకు ఆ కుర్చీ ఆయనదే. మన నాటకంలో సూత్రధారుడు ముందుగా వచ్చి కథా సందర్భం చెప్పి తప్పుకున్నట్టు, ఫలానా చట్టం ఏమిటి, ఫలానా బిరుదు ఎవరికి వస్తుంది, ఆ రోజుల్లో నౌకరు జీతం ఎంత లాంటివి ఆయన అమెరికన్లకు తేలిక మాటల్లో విప్పేవాడు. ఆ కుర్చీ, ఆ పుస్తకాల అలమర ఎంతగా పాతుకుపోయాయంటే పిల్లల కార్యక్రమం 'సెసమి స్ట్రీట్'లో బిస్కెట్లు తినే నీలం బొమ్మ అలిస్టర్ కుకీ పేరుతో అదే కుర్చీలో కూర్చుని ఆయన్ను అనుకరించేది. నాలుగేళ్ల పిల్లలకు కూడా తెలిసిన దృశ్యం అయిపోయిందన్నమాట.

మొబిల్‌కు దీని వల్ల ఏం లాభం? 1973 చమురు సంక్షోభంలో పెట్రోలు బంకుల దగ్గర క్యూలు పెరిగినప్పుడు ఆయిల్ కంపెనీలంటే జనానికి కోపం. చదువుకున్న, ఓటు వేసే, పేపర్లకు ఉత్తరాలు రాసే వర్గం దగ్గర మంచి పేరు కావాలి. ఆ వర్గం ఆదివారం రాత్రి ఎక్కడుంటుందో మొబిల్‌కు తెలుసు. పీబీఎస్‌ను 'పెట్రోలియం బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్' అని వెక్కిరించినవాళ్లు ఉన్నా, ఆ స్పాన్సర్‌షిప్ మూడు దశాబ్దాలకు పైగా సాగి 2004లో ఆగింది. 2011 నుంచి నదీ విహార యాత్రలు నడిపే వైకింగ్ సంస్థ స్పాన్సర్‌గా వచ్చింది. ఈ మార్పులో కూడా ఒక సంగతి ఉంది. ఆయిల్ కంపెనీ ప్రేక్షకుడి మెప్పు కోసం వచ్చింది. వైకింగ్ మాత్రం సీరియల్‌లో కోట చూసిన మనిషికి నేరుగా యూరప్ యాత్ర టికెట్టు అమ్మడానికి వచ్చింది.

ఇంట్లో మామూలు భోజనం, బయట విందు

ఒకే సీరియల్‌కు రెండు దేశాల్లో రెండు హోదాలు ఉండడం చాలామంది గమనించరు. డౌన్‌టన్‌ను ప్రసారం చేసిన ఐటీవీ ప్రకటనల మీద నడిచే కమర్షియల్ ఛానల్. అక్కడ అది ఆదివారం రాత్రి ఇంటిల్లిపాదీ చూసే వినోదం, మధ్యమధ్య సబ్బుల ప్రకటనలతో. అదే సీరియల్ అమెరికాకు వచ్చేసరికి ప్రకటనలు లేని పబ్లిక్ ఛానల్‌లో, క్లాసిక్ సాహిత్యం పక్కన కూర్చుంది. ప్రేమలు, కుట్రలు, వీలునామాలు నిండిన కథను చూస్తున్నామన్న అపరాధ భావం అమెరికా ప్రేక్షకుడికి లేకుండా పోయింది. ఆ ఆదరణలో ఈ చోటు మార్పు వాటా చాలా పెద్దది.

నిర్మాణ పద్ధతి కూడా కలిసొచ్చింది. అమెరికా నెట్‌వర్క్ సీరియల్‌కు ఏడాదికి ఇరవై రెండు ఎపిసోడ్లు, రాయడానికి గది నిండా రచయితలు, ఎప్పుడు ఆగుతుందో తెలియని కథ. బ్రిటిష్ పద్ధతిలో చాలాసార్లు ఒకే రచయిత, ఆరో ఎనిమిదో ఎపిసోడ్లు, ముందే తెలిసిన ముగింపు. 1995లో బీబీసీ, అమెరికా కేబుల్ ఛానల్ ఏ అండ్ ఈ కలిసి తీసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడీస్' ఆరు ఎపిసోడ్లే. అలా మొదలుపెట్టి ముగించే చిన్న సీరియల్ అలవాటు ఇప్పుడు ఓటీటీలో ఎక్కడ చూసినా ఉంది. అమెరికా ప్రేక్షకుడికి దాన్ని ముందుగా నేర్పిన బడుల్లో ఈ ఆదివారం రాత్రి ఒకటి.

గోధుమలు, రైళ్లు, పెళ్లిళ్లు

డౌన్‌టన్‌లో దొరసాని కోరా అమెరికన్. సిన్సినాటి నుంచి వచ్చిన వ్యాపారి కూతురు. ఆమె తెచ్చిన డబ్బే ఆ బంగళాను నిలబెట్టింది, పెళ్లినాటి ఒప్పందంతో ఆ డబ్బు ఎస్టేట్‌లో కలిసిపోయింది. ఎస్టేట్, బిరుదు రెండూ మగ వారసుడికే వెళ్లాలన్న కట్టు ఉంది కాబట్టి ఆమె ముగ్గురు కూతుళ్లకు ఏదీ రాదు. ఆంధ్ర ప్రాంతపు పెద్ద జమీందారీల్లో కూడా ఎస్టేట్ ముక్కలు కాకుండా ఒక్క వారసుడికే చెందే పద్ధతి ఉండేది, 1904లో మద్రాసు ప్రభుత్వం దానికి ఒక చట్టమే చేసింది. కాబట్టి ఈ మెలిక తెలుగు పాఠకులకు కొత్తేమీ కాదు. అమెరికన్లకు మాత్రం అది ప్రతి ఎపిసోడ్‌లో కొత్తగా తగిలే అన్యాయం.

కోరా పాత్ర కల్పితం కానీ ఆమెలాంటి వాళ్లు కల్పితం కారు. 1870ల తర్వాత అమెరికా మైదానాల నుంచి గోధుమలు రైళ్ల మీద రేవులకు, రేవుల నుంచి ఆవిరి ఓడల మీద బ్రిటన్‌కు చవకగా వచ్చి పడ్డాయి. బ్రిటన్‌లో ధాన్యం ధర పడిపోయింది, దాంతో భూముల కౌలు పడిపోయింది. కౌలు మీదే బతికే ప్రభువులకు బంగళా కప్పు బాగు చేయించే డబ్బు కూడా కరువైంది. 1894లో వచ్చిన మరణానంతర ఎస్టేట్ పన్ను ఆ కష్టాన్ని పెంచింది. మరోవైపు, ఆ గోధుమలు మోసిన రైల్వేల యజమానులే న్యూయార్క్‌లో కోట్లకు పడగలెత్తారు. వాళ్ల దగ్గర డబ్బు ఉంది, హోదా లేదు. బ్రిటన్ ప్రభువుల దగ్గర హోదా ఉంది, డబ్బు లేదు. పెళ్లిళ్లు జరిగాయి.

1874లో బ్రూక్లిన్ ఫైనాన్షియర్ కూతురు జెన్నీ జెరోమ్ లార్డ్ రాండాల్ఫ్ చర్చిల్‌ను చేసుకుంది. విన్‌స్టన్ చర్చిల్ ఆమె కొడుకు. 1895లో రైల్వే కుబేరుల ఇంటి అమ్మాయి కాన్సువేలో వాండర్‌బిల్ట్ తొమ్మిదో డ్యూక్ ఆఫ్ మార్ల్‌బరో భార్య అయింది, తల్లి పట్టుబట్టి చేయించిన పెళ్లి. కట్నంగా వెళ్లినది 25 లక్షల డాలర్ల విలువైన రైల్వే షేర్లు. ఇద్దరూ అడుగుపెట్టింది ఒకే వంశంలో: మాస్టర్‌పీస్ థియేటర్ మొట్టమొదటి సీరియల్‌లో కనిపించిన ఆ చర్చిల్ వంశంలో.

అంటే అమెరికా డబ్బు కూలదోసిన ఇంటిని అమెరికా డబ్బే నిలబెట్టింది. ఆ ఇంటి కథను చూసే అమెరికన్ పూర్తిగా పరాయి కథ చూడడం లేదు. కోరా అతని మనిషి. టైటానిక్ ప్రమాదం తర్వాత వారసుడిగా దిగిన మాంచెస్టర్ లాయర్ మ్యాథ్యూ కూడా అతని మనిషే. ఉద్యోగం మానను, ఎస్టేట్ పనులు వీకెండ్‌లో చూసుకుంటానని మ్యాథ్యూ భోజనాల బల్ల దగ్గర అంటాడు. దానికి ముసలి దొరసాని వయొలెట్, వీకెండ్ అంటే ఏమిటని అమాయకంగా అడుగుతుంది. ఎప్పుడూ పనిచేయని మనిషికి వారాంతం ఎలా తెలుస్తుంది? ఆ బల్ల దగ్గర అమెరికా ప్రేక్షకుడు మ్యాథ్యూ పక్క కుర్చీలో కూర్చుని ఉంటాడు, కానీ కళ్లు మాత్రం వయొలెట్ మీద నుంచి తిప్పుకోలేడు.

అదే ఇల్లు బోస్టన్‌లో ఎందుకు నిలవలేదు

బ్రిటిష్ కామెడీలను అమెరికా ఎప్పుడూ మార్చుకునే వాడుకుంది. 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ', 'ది ఆఫీస్' లాంటివి బ్రిటిష్ మూలం నుంచి తీసుకుని అమెరికా ఊళ్లలో, అమెరికా యాసతో మళ్లీ తీసినవే. పీరియడ్ డ్రామాను మాత్రం ఎక్కువగా ఉన్నదున్నట్టే దిగుమతి చేసుకుంది. మార్చి చూడలేదని కాదు. మార్చితే ఏమైందన్నదే అసలు ఆసక్తికరమైన విషయం.

లండన్‌లోని ఒక ఇంట్లో యజమానులు, నౌకర్ల జీవితాలను పక్కపక్కనే చూపిన 'అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్' 1974లో అమెరికాకు వచ్చి పెద్ద హిట్టయింది. 1974, 1975, 1977ల్లో అమెరికా టీవీ అవార్డు ఎమ్మీల్లో ఉత్తమ డ్రామా సీరియల్ బహుమతి దానికే. ఈ ఊపు చూసి సీబీఎస్ 1975లో 'బీకన్ హిల్' తీసింది. అదే కథా పద్ధతి, 1920ల బోస్టన్‌లో ఒక ధనిక ఐరిష్ కుటుంబం, వాళ్ల పనివాళ్లు. ఎంతో ఆర్భాటంగా మొదలై కొద్ది నెలల్లోనే ఆగిపోయింది.

రాత, హడావుడి లాంటి కారణాలు చాలానే చెప్పవచ్చు. కానీ లోతైన తేడా ఒకటి ఉంది. అమెరికాలో ఇంటి పనివాడు అనగానే బానిసత్వం, నల్లజాతి వాళ్లు, కొత్తగా ఓడ దిగిన వలసవాళ్లు గుర్తుకొస్తారు. ఆ గాయం ఇంకా పచ్చిగా ఉంది. చూసేవాడి తాత ఆ వంటగదిలో పనిచేసినవాడే అయి ఉండవచ్చు, లేదా ఆ వంటగదికి యజమానే అయి ఉండవచ్చు. లండన్ వంటగదిలో బట్లర్ హడ్సన్ కింది నౌకర్లను గదమాయిస్తుంటే ఆ ఇబ్బంది ఉండదు. ఎక్కేవాడు, దిగేవాడు, అవమానపడేవాడు, అందరూ వేరే దేశం వాళ్లు. వర్గభేదం గురించి ఎంత సూటిగా మాట్లాడినా చూసేవాడిని వేలెత్తి చూపినట్టు ఉండదు. పుట్టుకతో ఎవరి చోటు వాళ్లకు రాసిపెట్టి ఉండదన్న నమ్మకం మీద నిలబడ్డ దేశానికి, ఆ రాసిపెట్టి ఉండడాన్ని చూడాలన్న కుతూహలం చాలా ఎక్కువ.

డౌన్‌టన్ సృష్టికర్త జూలియన్ ఫెలోస్ ఈ సంగతి గ్రహించినట్టే కనిపిస్తుంది. 2022లో ఆయన హెచ్‌బీవోకు రాసిన 'ది గిల్డెడ్ ఏజ్' 1882 నాటి న్యూయార్క్ కథ. నౌకర్లు ఉన్నారు, కానీ కథను నడిపే గొడవ పాత డబ్బుకు, రైల్వేల కొత్త డబ్బుకు మధ్య. అది అసలు సిసలు అమెరికా గొడవ. నల్లజాతి రచయిత్రి పెగ్గీ స్కాట్ పాత్రను మొదటి నుంచే కథ మధ్యలో నిలబెట్టారు. జాతి ప్రశ్నను ఇది ఎదురుగా పెట్టింది. 2025లో నాలుగో సీజన్‌కు కూడా అనుమతి వచ్చింది.

ఖర్చు ఎవరిది

పాతకాలాన్ని తెర మీదికి తేవడం ఖరీదైన పని. బ్రిటన్‌లో అది కాస్త చవకగా అవడానికి కారణాలు ఉన్నాయి. ఆస్టిన్, డికెన్స్ లాంటి రచయితలకు కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది, హక్కులకు పైసా కట్టక్కర్లేదు. సెట్ వేయాల్సిన బంగళాలు అసలువే నిలబడి ఉన్నాయి, వాటి యజమానులకు మరమ్మతు ఖర్చుల కోసం షూటింగ్ అద్దె, దాని తర్వాత వచ్చే టూరిస్టుల టికెట్ డబ్బు కావాలి. డౌన్‌టన్ పైఅంతస్తు హ్యాంప్‌షైర్‌లోని హైక్లేర్ కోటలో తీశారు. అక్కడి వంటగది ఆధునికంగా మారిపోయి ఉండడంతో కింది అంతస్తును లండన్ ఈలింగ్ స్టూడియోలో సెట్ వేశారు. సీరియల్‌లో వంటమనిషి చేతి నుంచి పళ్లెం అందుకుని నౌకరు మెట్లెక్కుతాడు, దొరగారి బల్ల దగ్గరకు వస్తాడు. తెర మీద అర నిమిషం. నిజానికి ఆ పళ్లెం ఒక ఊళ్లో వంటగది దాటి ఇంకో ఊళ్లో, ఇంకో రోజున బల్ల మీదికి చేరుతుంది.

బట్టల సంగతీ అంతే. లండన్‌లో 1965లో మొదలైన కాస్‌ప్రాప్ లాంటి సంస్థలు పీరియడ్ దుస్తులను అద్దెకు ఇస్తాయి. ఒకే గౌను రెండు మూడు సీరియల్స్‌లో వేరువేరు నటీమణుల ఒంటి మీద కనిపిస్తుంది, పట్టుకునే అభిమానులూ ఉన్నారు. వందేళ్ల నాటి అసలు గౌను చీకిపోయి ఉంటే, అందులో పూసల పని చెడకుండా ఉన్న ముక్కను జాగ్రత్తగా విప్పి కొత్త గుడ్డ మీద కుడతారు. డౌన్‌టన్ దుస్తుల్లో అలా కుట్టినవి ఉన్నాయి. ఇలాంటి దర్జీలు, ఇలాంటి గోదాములు, నాటకరంగంలో పండిన నటులు, అన్నీ లండన్ చుట్టుపక్కలే దొరకడం అమెరికాకు లేని వసతి.

దీనికి తోడు 2013 ఏప్రిల్ నుంచి బ్రిటిష్ ప్రభుత్వం గంటకు పది లక్షల పౌండ్లకు పైగా ఖర్చయ్యే డ్రామాలకు పన్ను రాయితీ ఇస్తోంది. మొదట అర్హమైన ఖర్చులో 80 శాతం వరకు లెక్కలోకి తీసుకుని దాని మీద 25 శాతం ఇచ్చేవారు, 2024లో లెక్క పద్ధతి మారింది. అమెరికా డబ్బు లండన్ వైపు పరుగెత్తడానికి ఇదో పెద్ద కారణం. అసలు డౌన్‌టన్‌ను తీసిన కార్నివాల్ ఫిల్మ్స్ 2008 నుంచే అమెరికన్ ఎన్‌బీసీ యూనివర్సల్ చేతిలో ఉంది. నెట్‌ఫ్లిక్స్ డబ్బుతో తీసిన 'ది క్రౌన్' 2021 ఎమ్మీల్లో డ్రామా విభాగపు ఏడు ప్రధాన అవార్డులనూ ఊడ్చేసింది. బ్రిటిష్ రాణి కథ, పెట్టుబడి కాలిఫోర్నియాది.

ఈ సంబంధం ఎంత ముదిరిందో 'శాండిటన్' చూస్తే తెలుస్తుంది. జేన్ ఆస్టిన్ 1817లో అసంపూర్తిగా వదిలేసిన నవల ఆధారంగా ఐటీవీ 2019లో తీసింది. మొదటి సీజన్ చివర్లో నాయకుడు ప్రేమించిన అమ్మాయిని వదిలేసి, అన్న అప్పులు తీర్చడం కోసం డబ్బున్న విధవరాలిని పెళ్లాడడానికి సిద్ధపడతాడు. బ్రిటన్‌లో ఆదరణ చాలలేదని ఐటీవీ అక్కడితో ఆపేసింది. 2020లో అమెరికాలో చూసినవాళ్లు ఊరుకోలేదు. అభిమానుల పట్టుదల వల్ల 2021లో పీబీఎస్, బ్రిటిష్ సీరియల్స్ చూపించే ఓటీటీ బ్రిట్‌బాక్స్ కలిసి మరో రెండు సీజన్లకు ముందుకొచ్చాయి. సొంత దేశం వద్దన్న బ్రిటిష్ కథను అమెరికా ప్రేక్షకులు బతికించుకున్నారు. కథలో జరిగిన బేరమే కథ బయటా జరిగింది.

కనిపించని సామ్రాజ్యం

ఈ బంగళాల మీద ఒక న్యాయమైన విమర్శ ఉంది. వాటి రాళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చాలా సీరియల్స్ చెప్పవు. చక్కెర తోటలు, భారతదేశపు శిస్తులు, కంపెనీ షేర్లు కథ అంచుల్లో ఒక మాటగా వచ్చి పోతాయి. మినహాయింపు 'ది జ్యూయెల్ ఇన్ ద క్రౌన్'. 1984లో గ్రనాడా టీవీ తీసిన ఈ 14 ఎపిసోడ్ల సీరియల్ బ్రిటిష్ పాలన చివరి రోజులను భారతదేశంలోనే చూపించింది. కోటలోనే కూర్చున్న కథలు మనసుకు హాయిగా ఉండడానికి ఒక కారణం, ఆ ఖర్చు ఎవరి వీపు మీద పడిందో తెరకు అవతల ఉండిపోవడమే. ఈ హాయిని ఆకర్షణలో భాగంగానే లెక్కవేయాలి.

2020 డిసెంబరు 25న వచ్చిన 'బ్రిడ్జర్టన్' ఈ ప్రశ్నకు ఇంకో దారి చూసింది. అమెరికన్ రచయిత్రి నవలలు, అమెరికన్ నిర్మాతలు, షూటింగ్ ఇంగ్లండ్‌లో. రాణి సహా ఉన్నత వర్గంలో అన్ని వర్ణాల వాళ్లనూ పెట్టి, చరిత్రను కావాలనే మార్చి రాసుకుంది. 2022 రెండో సీజన్‌లో నవలలోని షెఫీల్డ్ అక్కచెల్లెళ్లు భారతదేశం నుంచి వచ్చిన శర్మలయ్యారు. తమిళ మూలాలున్న సిమోన్ ఆష్లే, చరిత్ర చంద్రన్ ఆ పాత్రలు వేశారు. పెళ్లికి ముందు పసుపు నలుగు పెట్టే దృశ్యం చూసి విదేశాల్లోని దక్షిణాది కుటుంబాలు ఎంతో సంబరపడ్డాయి. అదే ఇంట్లో తండ్రి అప్ప, అక్క దీదీ, చెల్లెలు బెంగాలీలో బోన్ అవడం ఏ ఊరి వాడుకో భారతీయ ప్రేక్షకుడికి అంతుపట్టలేదు. దుస్తుల్లో కాలర్ కుట్టు కూడా ఆ కాలానిదేనా అని చూసుకునే ఈ రకం సీరియల్, భాష దగ్గర అంత శ్రద్ధ చూపలేదన్నది గమనించదగ్గ విషయం.

ఇప్పుడు కదులుతున్న పునాది

ఆకర్షణ తగ్గిన గుర్తులు లేవు. యార్క్‌షైర్ పశువైద్యుడి కథ 'ఆల్ క్రీచర్స్ గ్రేట్ అండ్ స్మాల్' 2020 నుంచి, లండన్ పేటల మంత్రసానుల కథ 'కాల్ ద మిడ్‌వైఫ్' 2012 నుంచి నడుస్తూనే ఉన్నాయి. డౌన్‌టన్ మూడో సినిమా 2025 సెప్టెంబరులో విడుదలైంది. కదులుతున్నది కింద ఉన్న డబ్బు ఏర్పాటు.

2025 జులైలో అమెరికా కాంగ్రెస్ పబ్లిక్ ప్రసారాలకు రెండేళ్ల కోసం కేటాయించిన 110 కోట్ల డాలర్లను రద్దు చేసింది. ఆ డబ్బును స్టేషన్లకు పంచుతూ వచ్చిన కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ ఆగస్టు 1న మూసివేత ప్రకటించింది. అప్పటిదాకా పీబీఎస్ ఆదాయంలో ప్రభుత్వ వాటా సుమారు 15 శాతమే ఉండేది, కానీ పల్లె ప్రాంతాల చిన్న స్టేషన్లకు అది చాలా ఎక్కువగా ఉండేది. మాస్టర్‌పీస్ ముఖ్యంగా స్పాన్సర్లు, దాతల మీద నడుస్తుంది కాబట్టి దెబ్బ నేరుగా దానికి తగలదు. తగిలేది దాన్ని చూపించే ఊరి స్టేషన్‌కు. విరాళం ఇచ్చిన సభ్యుడికి పాత సీరియల్స్ ఆన్‌లైన్‌లో చూపించే పీబీఎస్ పాస్‌పోర్ట్ కూడా ఆ ఊరి స్టేషన్ పేరు మీదే నడుస్తుంది. స్టేషన్ బలహీనపడితే ఉచితంగా ఏంటెనాతో చూసే ప్రేక్షకుడు ముందు పోతాడు. డబ్బు కట్టగలిగేవాళ్లు బ్రిట్‌బాక్స్ లాంటి యాప్‌లకు మారతారు.

అవతలి ఒడ్డున ఇంకో రకం ఒత్తిడి. అమెరికన్ ఓటీటీ సంస్థలు లండన్‌లో పెద్ద బడ్జెట్లతో తీయడం మొదలుపెట్టాక స్టూడియో అద్దెలు, టెక్నీషియన్ల జీతాలు పెరిగాయి. బీబీసీ, ఐటీవీ ఇవ్వగలిగే డబ్బు ఆ వేగంతో పెరగలేదు. ట్యూడర్ వంశపు రాజు ఎనిమిదో హెన్రీ దగ్గర మంత్రిగా పనిచేసిన థామస్ క్రామ్‌వెల్ కథ 'వుల్ఫ్ హాల్' రెండో భాగం 2024లో పూర్తవడానికి దర్శకుడు పీటర్ కొస్మిన్‌స్కీతో పాటు నిర్మాత, రచయిత, ప్రధాన నటుడు తమ పారితోషికంలో చెప్పుకోదగ్గ భాగం వదులుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి కొస్మిన్‌స్కీయే పార్లమెంటు కమిటీకి చెప్పాడు. ఓటీటీలు బ్రిటన్ చందాల ఆదాయంలో 5 శాతం దేశీయ డ్రామాకు కట్టాలని ఆ కమిటీ 2025 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది.

దీని ప్రభావం అన్ని రకాల మీదా ఒకేలా ఉండదు. బ్రిడ్జర్టన్ లాంటి, ప్రపంచమంతా ఒకేసారి చూడగలిగే రంగుల కథలకు డబ్బు దొరుకుతుంది. క్రామ్‌వెల్ లాంటి, నెమ్మదిగా కొవ్వొత్తి వెలుగులో నడిచే, బ్రిటన్ చరిత్ర తెలిస్తేనే రుచించే కథలకు రెండు చేతులు కావాలి: ఒకటి బీబీసీది, రెండోది పీబీఎస్‌ది. 'వుల్ఫ్ హాల్' రెండో భాగాన్ని మాస్టర్‌పీస్ 2025 మార్చిలో అమెరికా ప్రేక్షకులకు చూపించింది. నిధుల రద్దు ఓటింగ్ జరిగింది ఆ తర్వాత నాలుగు నెలలకు.